ప్రేవులు దాటని మందు: యాత్రలలో వచ్చు అతిసారమును గూర్చి

యాత్రకు పోవువాడు బట్టలు, బియ్యము, దారిఖర్చు మూటలో సర్దుకొనును గాని, దారిలో కడుపు చెడినచో ఏమి చేయవలెనో ముందుగా ఆలోచించుట అరుదు. నేటి ప్రసంగములో నేనా విషయమునే పెద్దల యెదుట విన్నవింపదలచితిని. ఇంటిలో ఎవరికి జబ్బు చేసినను, మందు ఇయ్యవలెనా, ఆసుపత్రికి కొనిపోవలెనా, రేపటివరకు చూడవలెనా అను తీర్మానము పల్లెలలో పెద్దలదే. కావున ఇందలి మంచిచెడ్డలు మొట్టమొదట తెలిసియుండవలసినది వారికే.

శ్రీకాకుళము, విజయనగరము సీమలవారు ఊరు కదలనివారని ఎవరును అనజాలరు. ఒకప్పుడు కూలికై ఓడలెక్కి రంగూనునకు పోయిరి. నేడు మన మత్స్యకారులు గుజరాతులోని వేరావలు రేవునకు పోయి పడవలపై నెలల తరబడి పనిచేయుచున్నారు. కట్టుబడి పనులకు హైదరాబాదు, చెన్నపట్టణములకు పోవువారు వేలకు వేలు. ఇక దైవయాత్రల మాట చెప్పనక్కరలేదు. రథసప్తమికి అరసవిల్లి, సిరిమానోత్సవమునకు విజయనగరము, రథయాత్రకు పూరీ, వీలుచిక్కినచో కాశీ. ఇంతియగాక, అమెరికా మొదలగు దేశములలో పుట్టిపెరిగిన మన మనుమలు, మనుమరాండ్రు సెలవులకు ఇంటికి వచ్చి, వచ్చిన మూడవనాడే కడుపునొప్పితో మంచమెక్కుట కూడ పలు కుటుంబములలో జరుగుచున్న సంగతియే. పోవువారికిని వచ్చువారికిని సంభవించు ఈ జబ్బును వైద్యులు యాత్రికుల అతిసారమని పిలుతురు.

యాత్రకును విరేచనములకును గల సంబంధము మనకు క్రొత్త కాదు. 1897లో ఖుర్దారోడ్డునుండి పూరీకి రైలుదారి వేయకముందు, మనవారు ఇచ్ఛాపురము, బరంపురము, గంజాముల మీదుగా నడచియు, ఎడ్లబండ్లపైనను జగన్నాథమునకు పోవుచుండిరి. ఆ దారిలో వాంతిభేదులచే కూలినవారు ఎందరో. 1866లో కాన్‌స్టాంటినోపిలు నగరమున పలు దేశముల ప్రతినిధులు సమావేశమై, కలరా వ్యాపించుటకు గల బలమైన కారణములలో తీర్థములలో జనము గుమికూడుట యొకటియని నిర్ణయించిరి. దోషము తీర్థమునందు లేదు, యాత్రికునియందును లేదు. వేలమంది ఒకేచోట చేరినపుడు, ఒకరి మలము మరియొకరి మంచినీటిలో కలియుటయందే దోషమున్నది. నాటికిని నేటికిని ఈ మూలకారణము మారలేదు.

అయినచో, ఒకే నీటిని ఆ ఊరివాడును క్రొత్తగా వచ్చినవాడును త్రాగుచుండగా, క్రొత్తవానికే ఏల జబ్బు చేయును? ఆ ఊరివాడు పసితనమునుండియు అచ్చటి సూక్ష్మజీవులను ఎదుర్కొని, వానికి కొంత అలవాటుపడి యుండును. క్రొత్తవాని శరీరమునకు ఆ పరిచయము లేదు. మన ఊరి నీరు మనకు పడినది కదాయని, విదేశమునుండి వచ్చిన మనుమనికిని పడునని తలంపరాదు. అట్లే మన శరీరదార్ఢ్యమును నమ్ముకొని పరాయి ఊరిలో దొరకిన నీరెల్ల త్రాగరాదు.

ఒక దినములో మూడు లేక అంతకెక్కువసార్లు నీళ్ల విరేచనములగుట, దానితో కడుపులో మెలిపెట్టుట, వికారము, వాంతి, జ్వరము మొదలగువానిలో ఏదేని యొకటియైనను ఉండుట ఈ వ్యాధి లక్షణము. నూటికి ఎనుబదిపాళ్లకు పైగా దీనికి కారణము కంటికి కానరాని సూక్ష్మజీవులలో బాక్టీరియా అను తెగ. అందును ముఖ్యమైనది ఇ-కోలై యను జీవి. ఈ జీవులు చేయు చేటు రెండు విధములుగా నుండును. ఈ భేదమును గ్రహించినచో నేను చెప్పబోవు మందు సంగతి యంతయు తేటపడును.

మొదటి విధము వాకిటిలో నిలిచి అల్లరిచేయు దుండగుని వంటిది. ఈ జీవి చిన్నప్రేవు గోడకు అతుకుకొని యుండునే గాని గోడలోనికి చొరబడదు. అచ్చటనే యుండి యొక విషమును విడుచును. ఆ విషము తగిలిన ప్రేవు, శరీరములోని నీటిని, ఉప్పును లోపలినుండి బయటికి కుమ్మరించును. కలరాజీవి ఇట్టి విషమును విడుచునని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే అను వైద్యుడు కుందేళ్ల ప్రేవులపై పరిశోధించి నిరూపించెను. యాత్రికులను బాధించు ఇ-కోలై జాతి విడుచు విషములలో ఒకటి ఆ కలరావిషమునకు దగ్గరిచుట్టమే. ఇట్టి జబ్బులో విరేచనము నీళ్లవలె నుండును, నెత్తురు ఉండదు, జ్వరము సాధారణముగా రాదు.

రెండవ విధము గోడకు కన్నమువేసి ఇల్లు చొచ్చు దొంగవంటిది. షిగెల్లా, కాంపిలోబాక్టరు మొదలగు జీవులు ప్రేవుగోడలోనికి చొచ్చుకొనిపోయి పుండు చేయును. అపుడు జ్వరము వచ్చును. విరేచనములో జిగటయు నెత్తురును కనబడును. మన పెద్దలు జిగటవిరేచనములు, రక్తవిరేచనములు అని వేరుగా పేరు పెట్టుట ఊరక చేసినపని కాదు. ఆ పేరులోనే వైద్యమునకు కావలసిన మొదటి విచక్షణ ఉన్నది.

మందు మాట కంటె ముందు నీటి మాట చెప్పవలెను. అతిసారమున మనుష్యుడు చచ్చుట సూక్ష్మజీవి కొరికినందున కాదు. ఒడలిలోని నీరును ఉప్పును పోయినందున. కావున పోయినదానిని పోయినట్లే తిరిగి నింపుట మొదటి చికిత్స. ఉత్తనీరు త్రాగించినచో చెడిన ప్రేవు దానిని సరిగా పీల్చుకొనదు. ఉప్పును చక్కెరయు తగుపాళ్లలో కలిపినచో అవి రెండును జతగూడి ప్రేవుగోడను దాటును. వాని వెంట నీరును లోనికి పోవును. కావడికి రెండువైపుల బరువు సమముగా నున్నపుడే మోయువాడు నడువగలిగినట్లు, ఈ రెంటి తూకమును సరిగా నుండవలెను. 1971లో బంగ్లాదేశపు యుద్ధమునుండి పారివచ్చిన కాందిశీకులలో కలరా చెలరేగినపుడు, బనగాము శిబిరములో దిలీప్ మహలనబిస్ అను వైద్యుడు నరములకు ఎక్కించు సెలైను చాలక, ఉప్పు చక్కెర కలిపిన నీటిని తపెలలలో నింపి రోగుల బంధువులచేతనే త్రాగింపజేసెను. నూటికి ముప్పదిమంది వరకు చచ్చుచుండిన ఆ చోట మరణములు నూటికి నాలుగింటికి లోబడెను. నేడు మనము ఓ.ఆర్.ఎస్. పొట్లమని పిలుచునది ఆ ద్రావణమునకు సవరించిన రూపము. పొట్లము దొరకనిచోట, ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్నచెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు, చెంచాలను తలగొట్టి కొలిచి కలుపవచ్చును. ఉప్పు హెచ్చినచో పసిబిడ్డలకు కీడు, కొలత తప్పరాదు.

లంఖణము పరమౌషధమని మనలో ఒక మాట ఉన్నది. అజీర్ణమునకు ఆ మాట చెల్లిన చెల్లవచ్చును గాని, అతిసారమునకు చెల్లదు. పసిబిడ్డకు చనుబాలు మానిపింపరాదు. పెద్దలకు గంజి, మజ్జిగ, పలుచని చోడి అంబలి, మెత్తని అన్నము ఇచ్చుచునే యుండవలెను. బిడ్డలకు జింకు మాత్రలు పదునాలుగు దినములు ఇచ్చినచో జబ్బు త్వరగా తగ్గును. ఆశా కార్యకర్తనడిగిన ఈ పొట్లములు, జింకు మాత్రలు రెండును ఉచితముగా లభించును.

ఇప్పుడు మందు కథకు వత్తము. సూక్ష్మజీవులను చంపు మందులు చాలవరకు మట్టిలో పుట్టినవే. మట్టిలోని కొన్ని జీవులు తమ చుట్టునున్న ఇతర జీవులను అణచుటకై యొక పదార్థమును విడుచును. దానిని మనుష్యుడు తీసి మందుగా వాడుకొనుచున్నాడు. ఈ విద్యలో మన తెలుగువాని చేయియు గొప్పగా నున్నది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడెర్లీ పరిశోధనశాలకు అధిపతిగా నుండగా, అచ్చట డగ్గరు అను శాస్త్రజ్ఞుడు మిస్సోరీ రాష్ట్రపు పొలములోని మట్టినుండి ఆరియోమైసిన్ అను మందును కనుగొనెను. 1948లో లోకమునకు వెల్లడియైన ఆ మందు టెట్రాసైక్లిన్ తెగకు మొదటిది. కలరాకు నేడిచ్చు డాక్సీసైక్లిన్ ఆ తెగలోనిదే. సుబ్బారావుగారి సోదరులిరువురు సంగ్రహణి వంటి ప్రేవుల వ్యాధికే బలియైరి. ఆయనయు యౌవనమున దానివాత బడి బయటపడెను. ప్రేవులజబ్బు ఇంటిలో ఎంతటి శోకము నింపునో ఆయన యెరిగినవాడు.

అట్లే 1957లో ఫ్రాన్సుదేశపు దక్షిణతీరమున, దేవదారువంటి చెట్ల తోపులోనుండి తెచ్చిన మట్టిలో, ఇటలీదేశపు మిలాను నగరములోని లెపెటిట్ పరిశోధనశాలవారు మరియొక జీవిని కనుగొనిరి. పియెరో సెన్సి మొదలగువారు దానినుండి రిఫామైసిన్ అను పదార్థమును తీసిరి. దానిని మార్చి చేసిన రిఫాంపిసిన్ అను మందు క్షయరోగుల పాలిటి సంజీవినియైనది. క్షయకు మందు తినినవారి మూత్రము ఎఱ్ఱబడుట పెద్దలు చూచియే యుందురు. అది రిఫాంపిసిన్ రంగు. ఆ మందు ప్రేవులనుండి నెత్తురులోనికి, నెత్తురునుండి ఒడలెల్ల వ్యాపించుననుటకు ఆ రంగే సాక్ష్యము.

1980 ప్రాంతమున ఇటలీలోనే బొలోనా నగరమునందలి ఆల్ఫా వాసర్మన్ సంస్థలోని శాస్త్రజ్ఞులు దీనికి విపరీతమైన గుణము గల మందును కోరిరి. ఒడలెల్ల పాకవలసిన క్షయమందునకు బదులు, ప్రేవులలోనే నిలిచిపోవు మందు కావలెనని వారి తలంపు. రిఫామైసిన్ అణువునకు వేరొక కొమ్మను అంటుగట్టి రిఫాక్సిమిన్ అను మందును చేసిరి. ఆ అంటు మూలమున అణువు ప్రేవుగోడను దాటలేకపోయెను. నోటిద్వారా ఇచ్చిన మందులో నూటికి ఒక పాలులో సగమైనను నెత్తురులో చేరదు. దాదాపు అంతయు మలముతో బయటికి పోవును. చిన్నప్రేవులో పైత్యరసముండుటచే ఈ మందు అచ్చట బాగుగా కరగును. ఇ-కోలై అతుకుకొని యుండుచోటు చిన్నప్రేవే యగుటచేత, శత్రువున్న చోటనే ఆయుధమునకు వాడి కలిగినది. సూక్ష్మజీవి తన బ్రతుకునకు వలయు మాంసకృత్తులను తయారుచేసికొనుటకు ముందు, తన బీజములోని వ్రాతకు నకలు తీసికొనవలెను. ఆ నకలు తీయు యంత్రమును ఈ మందు పట్టి ఆపును. పని నిలిచిన జీవి నశించును.

ఈ మందు ఫలమును గూర్చి పలుచోట్ల పరీక్షలు జరిగినవి. 2006లో ప్రకటితమైన యొక పరీక్షలో మెక్సికో, గ్వాటిమాలా, మన భారతదేశములలో జబ్బుపడిన విదేశీయాత్రికులకు కొందరికి రిఫాక్సిమిన్, కొందరికి మందులేని ఉత్తమాత్ర ఇచ్చి చూచిరి. ఉత్తమాత్ర తినినవారి విరేచనములు కట్టుటకు సుమారు 65 గంటలు పట్టెను. మందు తినినవారికి 32 గంటలే పట్టెను. అనగా రమారమి ఒకటిన్నర దినపు బాధ తప్పెను. అమెరికా ప్రభుత్వ ఔషధశాఖవారు 2004లో పండ్రెండేండ్లు దాటినవారికి, నెత్తురు లేని ఇ-కోలై అతిసారమునకు ఈ మందును అనుమతించిరి. దినమునకు మూడుసార్లు 200 మిల్లీగ్రాముల మాత్ర చొప్పున మూడుదినములు అని మోతాదును నిర్ణయించిరి. ఈ మోతాదును నేను చెప్పుట వైద్యుని చీటీని మీరు పోల్చుకొనుటకే గాని, చీటీకి బదులుగా కాదు.

ఇచ్చట నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఒకటి ఉన్నది. ఈ మందునకు గల సుగుణమును, దానికి గల కొరతయు ఒకే కారణమునుండి పుట్టినవి. అది ప్రేవును దాటదు. కావుననే నెత్తురులో చేరి ఇతర అవయవములకు చేయు కీడు మిక్కిలి తక్కువ. కావుననే ప్రేవుగోడను చొచ్చి లోపల దాగిన శత్రువును అది చేరజాలదు. వాకిటిలో నిలిచిన దుండగుని తరుముటకు పనికివచ్చు కావలివాడు, ఇంటిలోపల కన్నమువేసి కూర్చున్న దొంగను ఏమి చేయగలడు? నేను చెప్పిన పరీక్షయందే, గోడ చొచ్చు జీవులచే జబ్బుపడినవారికి రిఫాక్సిమిన్ మేలు చేయలేదు. కావున జ్వరమున్నచో, మలములో నెత్తురున్నచో, ఇది తగిన మందు కాదు. దీనిని నమ్ముకొని రెండుదినములు గడపినచో, ఆ రెండుదినములలో రోగి చేజారిపోవచ్చును.

మన దేశమునకు సంబంధించిన మరియొక విశేషము కలదు. మెక్సికో మొదలగుచోట్ల యాత్రికుల అతిసారమునకు ఇ-కోలై ప్రధానకారణము. దక్షిణాసియాలో దానితోపాటు గోడ చొచ్చు కాంపిలోబాక్టరు మొదలగునవియు హెచ్చుగా కానవచ్చును. అందులో పెక్కు ఇదివరకు విరివిగా వాడిన సిప్రోఫ్లాక్ససిన్ అను మందునకు లొంగుట మానినవి. అందుచేతనే మన వైపు జబ్బు తీవ్రముగా నున్నపుడు, నెత్తురు గాని జ్వరము గాని కనబడినపుడు, వైద్యులు అజిత్రోమైసిన్ అను మందును మేలుగా నెంచుదురు. రిఫాక్సిమిన్‌కు మన సీమలో గల చోటు ఇరుకైనది: పెద్దవారికి, నీళ్లవిరేచనములై, నెత్తురు జ్వరములు లేక, పని సాగనీయనంత బాధగా నున్నపుడు మాత్రమే. స్వల్పముగా రెండు మూడు విరేచనములైనచో ఏ సూక్ష్మజీవనాశకమును అక్కరలేదు, ఓ.ఆర్.ఎస్. నీరే చాలును. పండ్రెండేండ్ల లోపు బిడ్డలకు, గర్భిణులకు ఈ మందును మనంతట మనము ఇయ్యరాదు. మందు మొదలుపెట్టిన పిదప ఒకటి రెండు దినములలో తగ్గనిచో, లేక హెచ్చినచో, దానిని ఆపి వైద్యుని చూడవలెను.

మందుల అంగడిలో జరుగు బేరమును గూర్చి రెండు మాటలు. విరేచనములని చెప్పగానే నాలుగురంగుల మాత్రలను పొట్లము కట్టి ఇచ్చుట, అందు రెండు సూక్ష్మజీవనాశకములుండుట, ఒకపూట వేసికొని తగ్గగానే మిగిలినవి గూటిలో దాచి మరియొకరికి పంచుట మనకు తెలిసినదే. ఇట్టి మందులను వైద్యుని చీటీ లేక అమ్మరాదని చట్టమున్నను ఈ వాడుక పోలేదు. దీనివలన నష్టము ఆ ఒక్క రోగికే పరిమితము కాదు. మన ప్రేవులలో మనకు మేలుచేయు జీవులు కోట్లకొలది యున్నవి. మందు వేసినపుడు లొంగునవి చచ్చును. లొంగనివి మిగిలి పెరుగును. ఫిన్లండు దేశమునుండి యాత్రలు చేసిన 430 మందిని పరీక్షించి 2015లో ప్రకటించిన ఫలితము వినుడు. విరేచనములు లేనివారిలో నూటికి 11 మంది మొండి సూక్ష్మజీవులను ప్రేవులలో మోసికొని ఇంటికి పోయిరి. విరేచనములై మందు వేసికొననివారిలో 21 మంది. విరేచనములై సూక్ష్మజీవనాశకము వేసికొన్నవారిలో 37 మంది. జబ్బు తగ్గినను, మొండిజీవి ఇంటికి చుట్టమై వచ్చినది.

రిఫాక్సిమిన్ నెత్తురులో చేరదు గనుక ఇట్టి చేటు తక్కువయని తొలుత తలంచిరి. కాని 2024లో వెలువడిన యొక పరిశోధన ఆ ధీమాను సడలించినది. కాలేయరోగులకు దీర్ఘకాలము ఈ మందునిచ్చినచోట, ప్రేవులలోని ఎంటరోకాకస్ అను జీవి రిఫాక్సిమిన్‌కే గాక, కడపటి అస్త్రముగా దాచుకొన్న డాప్టోమైసిన్ అను వేరొక మందునకును లొంగకుండ మారినట్లు తేలినది. కాలేయరోగికి ఈ మందు ప్రాణావసరము. వైద్యుడు చెప్పినంతకాలము వాడుటే యుక్తము. కాని ఆరోగ్యవంతుడు ముందుజాగ్రత్తయని యాత్ర బయలుదేరుటతోడనే దీనిని మ్రింగుచు పోవుట మంచిది కాదు. క్షయకు ప్రాణాధారమైన రిఫాంపిసిన్‌కు ఇది అన్నదమ్ముల వంటిది. రెండును సూక్ష్మజీవిని పట్టుకొనుచోటు ఒక్కటే. ఆ వంశపు మందు ఏదైనను చులుకన చేయరాదు.

ఇంకొక భ్రమను తొలగింపవలసియున్నది. ఒక యాత్రికునికి జబ్బుచేయుట వేరు, ఊరంతటికిని చేయుట వేరు. 2024 అక్టోబరులో విజయనగరము జిల్లా గుర్లలో అతిసారము ప్రబలి వందలమంది మంచమెక్కిరి. పలువురు ప్రాణములు కోల్పోయిరి. అచ్చట అనుమానము మొదట పోయినది త్రాగునీటిపైననే. ఊరిలో ఒకేవారమున పది ఇండ్లలో విరేచనములు కనబడినచో, అది మాత్రలతో తీరు సంగతి కాదు. గొట్టము ఎచ్చట పగిలి మురుగుతో కలిసినదో, నుయ్యి గాని బోరింగు గాని మరుగుదొడ్డికి ఎంత దగ్గరనున్నదో, తొట్టిలో క్లోరిను వేసి ఎన్నినాళ్లయినదో పెద్దలు పోయి చూడవలెను. ఆనాడే ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు కబురు పంపవలెను. కబురు దాచినచో ఊరి పరువు నిలువదు, ఊరే నిలువదు. నీరు కాచి త్రాగుడని టముకు వేయించుట వేయి మాత్రలు పంచుటకంటె మేలు.

ఇక యాత్రకు పోవువారి మూటలో నుండవలసినవి చెప్పి ముగింతును. మనిషికి నాలుగు ఓ.ఆర్.ఎస్. పొట్లములు, లీటరు కొలత తెలియు సీసా యొకటి, సబ్బు, కాచిన నీరు, లేదా మూతముద్ర చెదరని సీసానీరు. వేడివేడిగా వండినది తినవలెను. కోసి ఉంచిన పండ్లు, మంచుగడ్డ వేసిన పానీయములు మానవలెను. తొక్క ఒలిచి తినదగిన అరటిపండు అన్నిచోట్ల మేలు. తీర్థమిచ్చినచో కాదనలేము; అరచేతిలోని ఆ చుక్కను కండ్లకద్దుకొని శిరస్సున చల్లుకొనినను పుణ్యమునకు కొరత రాదని నా నమ్మకము. దూరయాత్రకు పోవు వృద్ధులు, మధుమేహము, మూత్రపిండములజబ్బు గలవారు ముందుగా తమ వైద్యుని కలిసి, మందు వెంట నుంచుకొనవలెనా, ఉంచుకొన్నచో ఏది, ఎప్పుడు అని వ్రాయించుకొని పోవలెను. ఆ చీటీలో రిఫాక్సిమిన్ ఉన్నచో దాని హద్దు మీకిప్పుడు తెలిసినది.

విరేచనములు మొదలైనపుడు పెద్దలు అడుగవలసిన ప్రశ్నలు మూడు. నెత్తురు పడుచున్నదా? ఒడలు కాలుచున్నదా? త్రాగిన నీరు నిలుచుచున్నదా, మూత్రము వచ్చుచున్నదా? మొదటి రెంటిలో ఏది అవునన్నను ప్రేవులు దాటని మందు పనికిరాదు. వైద్యుని యొద్దకు పోవలెను. నీరు నిలువక, కండ్లు గుంటలుపడి, నాలుక ఎండి, మూత్రము కట్టినచో, అది పగలైనను రాత్రియైనను 108 బండిని పిలిచి ఆసుపత్రికే పోవలెను. మూడింటికిని భయములేని జవాబు వచ్చినచో ఉప్పు చక్కెరల నీరు త్రాగించుచు కనిపెట్టియుండవచ్చును.

మందు ఎంత గొప్పదైనను దానికి తగిన చోటు ఒకటుండును. ఆ చోటు చూపువాడు వైద్యుడు. ఆ చోటు దాటనీయకుండ ఇంటిలో కాపాడువారు పెద్దలు. మాత్ర కొరకు అంగడికి పరుగిడబోవు పడుచువానిని ఒక్కక్షణము నిలిపి, ముందు ముంతెడు నీరు కలుపుమని చెప్పగల అధికారము మీకున్నది. ఆ ముంతెడు నీటివలన నిలిచిన ప్రాణములు లోకములో లెక్కకు మిక్కిలి.